అమ్మానాన్నలతో ప్రాగ్: శని, ఆదివారాల్లో ఏం చూపించాలి?

గోదారిగట్టు, డ్రెస్డెన్

అందరికీ నమస్కారం. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చారు. వచ్చే వీకెండ్ వాళ్లని ప్రాగ్ తీసుకెళ్దామనుకుంటున్నాం. శనివారం పొద్దున్నే రైలెక్కి ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. దేన్నైనా అర్థమయ్యేదాకా వదలరు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టదు. మావారు నెట్‌లో చూసి చాంతాడంత లిస్టు రాశారు: కోట, చార్లెస్ వంతెన, గడియారం, యూదుల పేట, పెత్రీన్ టవర్, విషెహ్రాద్ దుర్గం, నదిలో పడవ, మ్యూజియాలు. చూస్తుంటేనే టెన్షన్ వస్తోంది. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? అక్కడ ఉంటున్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_కోట, బెర్లిన్

అక్కా, ఏది తీసేసినా కోటను మాత్రం తీయకండి. కోట అనగానే మనకి బురుజులు, కందకాలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ లోపల ఒక ఊరే ఉంది. 9వ శతాబ్దం చివర్లో మొదలైన చోటు. ఇప్పటికీ చెక్ అధ్యక్షుడి ఆఫీసు అందులోనే. సెయింట్ వైటస్ కెథడ్రల్‌కి 1344లో పునాది వేస్తే పూర్తయింది 1929లో. మధ్యలో యుద్ధాలొచ్చి పని ఆగిపోయి, తూర్పు సగం మాత్రమే నిలబడి వందల ఏళ్లు అలాగే ఉండిపోయింది. లోపలికెళ్లాక ఎడమవైపు అల్ఫాన్స్ ముఖా వేసిన రంగుటద్దాల కిటికీ ఉంటుంది, ఎండ ఉన్న రోజు చూడాలి.

పాత రాజభవనంలో వ్లాదిస్లావ్ హాలుంది. వీరులు గుర్రాల మీదే నేరుగా పైకి రావడానికి కట్టిన వెడల్పాటి మెట్లదారి పక్కనే ఉంది. ఆ భవనంలోని ఒక గది కిటికీలోంచే 1618 మే 23న ఇద్దరు రాజప్రతినిధుల్ని, వాళ్ల గుమస్తాని కిందికి తోసేశారు. ముగ్గురూ బతికి బయటపడ్డారు. కానీ ఆ గొడవతో మొదలైన యుద్ధం 30 ఏళ్లు యూరప్‌ని కాల్చేసింది. స్కూల్లో ముప్పై ఏళ్ల యుద్ధం అని ఒక్క లైనులో చదివేసిన విషయానికి ఇక్కడ ఒక కిటికీ ఉంది, దాని ముందు నిలబడి కిందికి చూడొచ్చు.

ప్రాగ్‌లో_నెల్లూరు

గోదారిగట్టు గారూ, నేనుండేది ప్రాగ్‌లోనే. ముందు వారాలు చూసుకోండి, లిస్టు దానంతటదే తగ్గుతుంది. యూదుల పేట, అంటే యోసెఫొవ్‌లోని మ్యూజియం, సినగాగులు, పాత శ్మశానం శనివారం మూసేస్తారు. అది వాళ్లకి విశ్రాంతి దినం. వాళ్ల పండగలప్పుడూ అంతే. ఇటు కెథడ్రల్‌లో ఆదివారం పొద్దున ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి టూరిస్టుల్ని మధ్యాహ్నం నుంచే లోపలికి పంపిస్తారు. అందుకని శనివారం మధ్యాహ్నం కోట, ఆదివారం పొద్దున యోసెఫొవ్. తిరగేసి పెట్టుకుంటే రెండూ పోతాయి.

అమ్మగారి మోకాళ్ల కోసం ఒక మాట. వంతెన దాటి నడుచుకుంటూ కోటకి వెళ్లమని అందరూ చెబుతారు. ఆ దారి అంతా ఎత్తు, చివర్లో మెట్లు. అలా వద్దు. 22వ నంబర్ ట్రామ్ ఎక్కి కోట పేరుతోనే ఉన్న ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగండి. అక్కడి నుంచి వంతెన లాంటి దారిలో, దాదాపు ఒకే ఎత్తులో రెండో ఆవరణలోకి వెళ్లిపోతారు. ద్వారం దగ్గర బ్యాగులు చూడొచ్చు, లైను ఉండొచ్చు. చూశాక మళ్లీ అదే ట్రామ్‌లో దిగిరండి. ఆవరణల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, భవనాల లోపలికి మాత్రమే కావాలి.

పాత ఊరంతా రాళ్లు పరిచిన వీధులే. చెప్పులతో, శాండల్స్‌తో వద్దు. అమ్మగారికి మెత్తటి స్పోర్ట్స్ షూ వేయించండి, చీర మీదకి బాగోదని వద్దంటారేమో, బతిమాలైనా సరే.

మ్యూనిక్_అక్కయ్య

నెల్లూరు గారు చెప్పినదానికి తోడు ఇంకొకటి. అమ్మానాన్నలు జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసా మీద వచ్చి ఉంటారు కాబట్టి చెక్ వెళ్లడానికి వేరే ఏమీ అక్కర్లేదు. కానీ పాస్‌పోర్టులు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లకండి, జిరాక్సు సరిపోదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లోకి జర్మన్ పోలీసులు ఎక్కి అడుగుతుంటారు. మీరూ రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్టు పెట్టుకోండి. పెద్దవాళ్లు యూనిఫాం చూడగానే కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి.

రైల్లో వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ సీట్లు చూసుకోండి. డ్రెస్డెన్ దాటిన కాసేపటి నుంచి ఎల్బ నది పక్కనే నడుస్తుంది, అవతలి ఒడ్డున నిలువు ఇసుకరాతి కొండలు. ఆ తర్వాత ప్రాగ్ నది వ్లతావా వచ్చి కలుస్తుంది. ప్రయాణం రెండున్నర గంటల లోపే. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకి ఈ దారి తప్పకుండా నచ్చుతుంది.

కొత్తగా_వచ్చా, కెమ్నిట్జ్

అన్నలూ అక్కలూ, నేనూ ఇదే ప్లాన్‌లో ఉన్నాను, స్టూడెంట్‌ని. ప్రాగ్‌లో యూరోలు నడుస్తాయా, మార్చుకోవాలా?

ప్రాగ్‌లో_నెల్లూరు

తమ్ముడూ, అక్కడ కొరునా. సెంటర్లో చాలా షాపులు యూరోలు తీసుకుంటాయి గానీ రేటు వాళ్లిష్టం. కార్డు దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది, ట్రామ్‌లో టికెట్ కూడా కార్డు ఆనించి కొనొచ్చు. కాగితం టికెట్ కొంటే మాత్రం మొదటిసారి ఎక్కినప్పుడు పసుపు పెట్టెలో స్టాంపు కొట్టించాలి. మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు తిరుగుతారు, టూరిస్టునని చెబితే వినరు.

డబ్బు మార్చే బూతుల దగ్గర కమిషన్ సున్నా అని పెద్దక్షరాలతో ఉంటుంది. కమిషన్ లేకపోయినా రేటులోనే కోసేస్తారు. మా ఆఫీసులో ఒకాయనకి అలాగే బాగా తక్కువ చేతికొచ్చింది. కానీ 2019 నుంచి ఒక మంచి చట్టం ఉంది. 1000 యూరోల లోపు మార్చుకుంటే, 3 గంటల్లోపు రసీదు పట్టుకెళ్లి రద్దు చేయమంటే చేసి తీరాలి. ఆయన అలాగే వెనక్కి తెచ్చుకున్నారు. అందుకే రసీదు పారేయకండి. ఏటీఎంలో మీ కరెన్సీలో లెక్కకట్టి తీసుకోమంటారా అని అడుగుతుంది, వద్దని నొక్కి కొరునాల్లోనే తీసుకోండి.

తారాబలం, స్టట్‌గార్ట్

గోదారిగట్టు గారూ, నాన్నగారు లెక్కల మాస్టారని రాశారు కాబట్టి ఒర్లోయ్, అంటే మీ లిస్టులోని గడియారం గురించి కాస్త వివరంగా రాస్తాను. పాత టౌన్ హాల్ గోడ మీదున్న ఆ గడియారం దగ్గరికి గంటకోసారి వందల మంది చేరతారు. అస్థిపంజరం గంట మోగిస్తుంది, పైన రెండు చిన్న కిటికీల్లో క్రీస్తు శిష్యుల బొమ్మలు ఒకదాని వెనకొకటి కదులుతాయి, చివర్లో కోడి కూస్తుంది. నిమిషంలో అయిపోతుంది, జనం ఫోన్లు దించి వెళ్లిపోతారు. చూడాల్సింది ఆ తర్వాతే. కింద ఖాళీ అవుతుంది, నింపాదిగా నిలబడి చదువుకోవచ్చు.

అది 1410 నాటిది. కదాన్ ఊరి మికులాష్ చేశాడు, లెక్కలు విశ్వవిద్యాలయ పండితుడు యాన్ షిండెల్‌వి అంటారు. హనుష్ అనే పనివాడు చేశాడనీ, ఇంకో ఊరికి ఇలాంటిది చేసిపెట్టకుండా ఆయన కళ్లు పొడిచేశారనీ గైడ్లు కథ చెబుతారు. కథ మాత్రమే. అసలు పేరు పాత పత్రం దొరికాక బయటపడింది.

ఇక డయల్ చదవడం. వెనక నీలం రంగు ఉన్నంత మేర ఆకాశం, అంటే క్షితిజానికి పైభాగం. అడుగున నల్లటి భాగం రాత్రి. రెంటికీ మధ్య ఎర్రమట్టి రంగు సంధ్యాకాలం. పొడవాటి ముల్లు మీద బంగారు సూర్యుడు ఉంటాడు. అతను నీలంలో ఉంటే పగలు, ఎర్రమట్టి రంగులోకి దిగితే సంధ్య. అడ్డంగా కొంచెం పక్కకి ఒరిగినట్టు తిరిగే చిన్న చక్రం రాశిచక్రం. మేషం నుంచి మీనం దాకా గుర్తులు వరసగా కనిపిస్తాయి. సూర్యుడు దాని మీద ఎక్కడున్నాడో చూస్తే ఏ రాశిలో ఉన్నాడో తెలుస్తుంది.

అన్నిటికన్నా బయట నల్లని పట్టీ మీద పాతకాలపు లిపిలో 1 నుంచి 24 అంకెలుంటాయి. అవి పాత చెక్ గంటలు. వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. అస్తమయం ఏడాది పొడవునా మారుతుంది కదా, అందుకని ఆ పట్టీయే అటూ ఇటూ జరుగుతుంది. మన పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. నాన్నగారికి ఇది చెబితే చాలు, మిగతాది ఆయనే లాగేస్తారు.

నీలంలో వంపు తిరిగిన బంగారు గీతలు, 1 నుంచి 12 అంకెలు ఉంటాయి. పగటిని, అది ఎంత పొడవున్నా సరే, 12 భాగాలు చేసే గీతలవి. ఎండాకాలంలో ఒక్కో భాగం పెద్దది, చలికాలంలో చిన్నది. రాహుకాలం లెక్క కూడా ఇంతే, పగటిని 8 భాగాలు చేసి అందులో ఒకటి. గంటన్నర అని అందరం అనుకుంటాం గానీ ఋతువుని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ప్రాగ్‌లో జూన్‌లో అయితే రెండు గంటలు దాటుతుంది.

ఒక చిన్న పని చేయండి. వెళ్లే రోజు పంచాంగంలో సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూసుకుని వెళ్లండి. చాలా రోజులు గడియారం ఒక రాశి ముందుంటుంది. వాళ్లది సాయనం, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి లెక్క. మనది నిరయనం, అంటే నక్షత్రాల్ని బట్టి లెక్క. వాళ్లకి మార్చి 20, 21 ప్రాంతంలో మేషం వచ్చేస్తుంది, మనకి ఏప్రిల్ 14 దాకా రాదు. ఈ తేడా అయనాంశ, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. దాన్ని కాగితం మీద లెక్క కట్టేవాళ్లకి అక్కడ గోడ మీద చూసుకోవడం గొప్ప సంతోషం.

చంద్రుడి ముల్లు చివర సగం వెండి, సగం నలుపు ఉన్న చిన్న బంతి ఉంటుంది. దాని లోపల ఒక బరువు పెట్టారు. ముల్లు తిరిగేకొద్దీ ఆ బరువే బంతిని కొద్దికొద్దిగా తిప్పుతుంది, వెండి భాగం పెరుగుతుంది, తరుగుతుంది. శుక్లపక్షమో కృష్ణపక్షమో కింద నిలబడి చెప్పేయొచ్చు.

కొత్తగా_వచ్చా, కెమ్నిట్జ్

తారాబలం గారూ, సేవ్ చేసుకున్నాను. అయితే ఆ డయల్లో మధ్యలో ఉన్నది భూమేనా?

తారాబలం, స్టట్‌గార్ట్

అవును, భూమే. మధ్యలో ఉన్నది సూర్యుడని చెప్పిన కోపర్నికస్ పుస్తకం అచ్చయింది 1543లో, ఈ గడియారం అప్పటికే పాతది. అదే చౌరస్తాలో ఎదురుగా జంట గోపురాల తీన్ చర్చి కనిపిస్తుంది. దాని లోపల టైకో బ్రాహే సమాధి ఉంది. టెలిస్కోప్ లేని కాలంలో, కంటితో అంత కచ్చితంగా గ్రహాల స్థానాలు రాసుకున్నవాడు ఇంకొకడు లేడు. 1601లో ప్రాగ్‌లోనే పోయాడు. గణితవేత్త కెప్లర్ 1600లో వచ్చి ఆయన దగ్గర చేరాడు, ఆ రాతలు పట్టుకుని కుజుడి కక్ష్యతో కుస్తీ పట్టి, అది వృత్తం కాదు దీర్ఘవృత్తం అని ఈ ఊళ్లోనే తేల్చాడు. 1609లో అచ్చయింది. భూమి మధ్యలో ఉన్న గడియారం నుంచి ఆ సమాధి దాకా నడక రెండు మూడు నిమిషాలు. చర్చి అన్ని వేళలా తెరిచి ఉండదు, బయట బోర్డు చూసుకోండి.

గోదారిగట్టు, డ్రెస్డెన్

తారాబలం గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఆపమని, మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. ఇప్పుడు కాగితం మీద బొమ్మ గీస్తున్నారు. చాలా థాంక్సండీ.

తిండి సంగతి కూడా ఎవరైనా చెప్పరూ. ఇంకొకటి, యూదుల శ్మశానం అంటే అమ్మ వెనకాడుతోంది. శ్మశానానికి వెళ్తే తలస్నానం చేయాలి, ఊరుకాని ఊళ్లో ఎందుకంటుంది. నాన్న చూడాలంటున్నారు.

మ్యూనిక్_అక్కయ్య

తిండి సంగతి నేను చెబుతాను. మెనూలో మాంసం లేనివి అని వేరే వరస ఉంటుంది, అయినా గుడ్డు తిననివాళ్లకి కష్టమే. వేయించిన చీజ్‌కి పైన పూత గుడ్డుతోనే వేస్తారు. బ్రంబొరాక్ అని బంగాళాదుంప అట్టు ఉంది, మరువం వెల్లుల్లి వేసి మంచి వాసనొస్తుంది, అందులోనూ గుడ్డు పడుతుంది. సూపు చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, అడక్కుండా తాగకండి. వీధిలో కర్రకి చుట్టి కాల్చే తీపి రొట్టె ఎక్కడ చూసినా అమ్ముతుంటారు, ప్రాగ్ సంప్రదాయం అని రాసి మరీ. ఆ ఊరికి అది ఈ మధ్య వచ్చినదే, పైగా పిండిలో గుడ్డుంటుంది.

మేం మా అత్తగారితో వెళ్లినప్పుడు ఒక పూటకి పులిహోర కట్టుకెళ్లాం. మిగతా పూటలు తూకం వేసి డబ్బు తీసుకునే శాకాహార బఫేలు. సెంటర్లోనే ఉన్నాయి, మన పప్పు అన్నం లాంటివి దొరుకుతాయి, దేనిలో ఏముందో రాసి ఉంటుంది.

శ్మశానం సంగతి. అమ్మగారిని బలవంతపెట్టొద్దు. అది మన పట్టింపు మాత్రమే కాదు, యూదుల్లోనూ పూజారి వంశం వాళ్లు శ్మశానంలో అడుగుపెట్టరు. ఈ మాట చెబితే మా అత్తగారికి మనసు కుదుటపడింది. ఆవిడా నేనూ స్పానిష్ సినగాగ్‌లో కూర్చున్నాం. 1868 నాటిది, గోడలూ పైకప్పూ అంతా బంగారు రంగు లతల పని. కూర్చోడానికి బెంచీలున్నాయి, చల్లగా ఉంటుంది. మగవాళ్లు అటు వెళ్లి వచ్చారు.

ఓరుగల్లు_కోట, బెర్లిన్

నాకొక సందేహం అక్కా. వాళ్లు అంత దూరం నుంచి సరదాగా వచ్చారు. పెద్దవాళ్లకి ఆ శ్మశానం, అక్కడి గోడల మీద నాజీలు చంపేసినవాళ్ల పేర్లు, ఇదంతా అవసరమా? మనసు పాడవుతుంది. ఆ పూట పడవ ఎక్కిస్తే హాయిగా ఉంటుంది కదా. నన్ను తప్పుగా అనుకోకండి, మా నాన్నని తీసుకెళ్లినప్పుడు నేనైతే అటు తీసుకెళ్లలేదు.

ప్రాగ్‌లో_నెల్లూరు

తమ్ముడూ, నువ్వన్నది అర్థమైంది గానీ ఒప్పుకోలేను. ప్రాగ్‌లో నన్ను అడిగితే మొదట చూడాల్సింది అదే. కోట కన్నా, వంతెన కన్నా.

పాత శ్మశానంలో దొరికిన రాళ్లలో పాతది 1439 నాటిది. 1787 దాకా అక్కడే పాతిపెట్టారు. యూదులకి ఆ పేట దాటి చోటు ఇవ్వలేదు, వాళ్ల ధర్మం ప్రకారం పాత సమాధి తవ్వకూడదు. అందుకని పాతవాటి మీదే మట్టి పోసి, పాత రాళ్లని పైకి లేపి, కొత్తవాళ్లని పూడ్చారు. కొన్నిచోట్ల 12 పొరలంటారు. ఇప్పుడు సుమారు 12,000 రాళ్లు పైకి కనిపిస్తాయి, ఒకదానికొకటి ఆనుకుని, ఒరిగిపోయి. నేల వీధి కన్నా ఎత్తులో ఎందుకుందో తెలిశాక అక్కడ గట్టిగా మాట్లాడాలనిపించదు.

శ్మశానానికి దారి పిన్కాస్ సినగాగ్ లోంచి. అందులో గోడల నిండా పేర్లు. నాజీలు చంపేసిన, చెక్ ప్రాంతాలైన బొహీమియా, మొరావియాల యూదులు, దాదాపు 80,000 మంది. 1950ల్లో ఇద్దరు చిత్రకారులు చేత్తో రాశారు. తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వ హయాంలో మరమ్మతుల పేరుతో మూసేసి ఏళ్ల తరబడి తెరవలేదు, రాతలు పాడైపోయాయి. 1990ల్లో మళ్లీ మొదటి నుంచి రాశారు.

పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ నగరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. ఫ్రీడల్ డికర్ బ్రాండెయిస్ అనే చిత్రకారిణి అక్కడి పిల్లలకి రహస్యంగా పాఠాలు చెప్పింది. ఆమెని 1944లో ఔష్విట్జ్ మరణ శిబిరానికి పంపేసే ముందు సుమారు 4,500 బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో పెట్టి దాచింది. ఆమె తిరిగి రాలేదు, ఆ పిల్లల్లో చాలామందీ రాలేదు. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మాస్టారుకి ఇది చూపించకుండా పడవ ఎక్కిస్తే, అది ఆయనకి మనం చేసే మర్యాద కాదు. పెద్దవాళ్లు మనకన్నా ఎక్కువే చూసి ఉంటారు, తట్టుకోగలరు.

లండన్_బెజవాడ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. యూకే వీసా మీద ఉన్నవాళ్లం ప్రాగ్ రావాలంటే?

మ్యూనిక్_అక్కయ్య

మీకు విడిగా షెంజెన్ వీసా కావాలండీ. యూకే రెసిడెన్స్ దానికి పనికిరాదు. అపాయింట్‌మెంట్లు దొరకడానికే టైం పడుతుంది, టికెట్లు తర్వాత కొనుక్కోండి.

గోదారిగట్టు, డ్రెస్డెన్

వెళ్లొచ్చాం. మీ అందరి మాటలూ పట్టుకునే వెళ్లాం కాబట్టి ఏం జరిగిందో రాయాలి.

లిస్టులో నాలుగే ఉంచాం: కోట, గడియారం, వంతెన, యోసెఫొవ్. మావారు కొంచెం నొచ్చుకున్నారు గానీ మొదటి రోజు సాయంత్రానికి ఆయనే ఇది నయం అన్నారు. ట్రామ్ సలహా బంగారం లాంటిది, అమ్మ కోటలో ఒక్క నిటారైన ఎత్తు కూడా ఎక్కలేదు. టౌన్ హాల్ టవర్‌కి లిఫ్ట్ ఉందని అక్కడికెళ్లాక తెలిసింది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుర్తుంచుకోండి, పై నుంచి ఎర్ర పెంకుల కప్పులు అన్ని వైపులా కనిపిస్తాయి.

గడియారం దగ్గర నాన్న జేబులోంచి తను గీసుకున్న కాగితం తీశారు. బొమ్మలు కదిలాక జనం పలచబడితే ముందుకెళ్లి నిలబడ్డారు. మొదట సూర్యుడి రాశి చూశారు, పంచాంగంతో ఒక రాశి తేడా ఉంది, తారాబలం గారు చెప్పినట్టే. తర్వాత బయటి పట్టీ చదివి, నిన్నటి అస్తమయం నుంచి ఎన్ని గంటలైందో చెప్పి, ఫోన్‌లో అస్తమయం చూడమన్నారు. సరిపోయింది. పక్కన ఒక కాలేజీ అమ్మాయి, ఏ దేశమో తెలీదు, ఏం చదువుతున్నారని ఇంగ్లీషులో అడిగింది. నాన్న క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టారు. ఆ అమ్మాయి స్నేహితులు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. రిటైరయ్యాక ఆయన్ని అంత ఉత్సాహంగా నేను చూడలేదు.

ఆదివారం అమ్మా నేనూ స్పానిష్ సినగాగ్‌లో, నాన్నా మావారూ పిన్కాస్‌లో. వాళ్లు చాలాసేపు రాలేదు. మావారు తర్వాత చెప్పారు: పేర్లు ఊళ్ల వారీగా ఉన్నాయట. ఇంటిపేరు ఒక రంగులో, మనిషి పేరు, పుట్టిన తేదీ, చివరిగా తెలిసిన తేదీ ఇంకో రంగులో. నాన్న ఒక ఊరి దగ్గర ఆగి తేదీలు చూసుకుంటూ పోయారట. పుట్టిన తేదీలు ఎవరివి వాళ్లవే, చివరి తేదీ మాత్రం వరసగా చాలామందికి ఒకటే. ముసలివాళ్లకీ అదే, నాలుగేళ్ల పిల్లలకీ అదే. ఒకే రోజు ఒకే రైల్లో ఎక్కించారన్నమాట అని నాన్న వేలు పెట్టి చూపించారట. సాయంత్రం దాకా ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఓరుగల్లు తమ్ముడూ, నీ భయంలో నిజం ఉంది, మనసు బరువెక్కింది. కానీ రాత్రి రైల్లో నాన్నే అమ్మకి అంతా చెప్పారు, ఆ టీచర్ సంగతి కూడా. అమ్మ ఆ బొమ్మలు నేనూ చూసుండాల్సింది అంది.

ఓరుగల్లు_కోట, బెర్లిన్

చదివాను అక్కా. మా నాన్న మళ్లీ వస్తే తీసుకెళ్తాను.

ఇంకో మాట. మీరుండేది డ్రెస్డెన్ కాబట్టి ఇది మీకు తెలిసి ఉండొచ్చు. 1945 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో మిత్రదేశాల బాంబులకి డ్రెస్డెన్ కాలిపోయింది కదా, 14న అమెరికన్ విమానాలు కొన్ని దారితప్పి, డ్రెస్డెన్ అనుకుని ప్రాగ్ మీద బాంబులు వేశాయి. సుమారు 700 మంది పోయారు. నదికి దగ్గర్లో ఎమ్మాస్ మఠం కప్పు కూలిపోతే, 1960ల్లో పాత గోపురాల బదులు ఒకదానికొకటి దూసుకున్నట్టుండే రెండు తెల్లటి కాంక్రీటు శిఖరాలు కట్టారు. పాతదానికి నకలు చేయకుండా, గాయం కనిపించేలా కొత్తగా కట్టడం నాకు నచ్చింది. మీ ఊళ్లో ఫ్రౌయెన్‌కిర్షె చర్చిని రాయి రాయి ఏరి పాతదానిలాగే 2005కి నిలబెట్టారు. రెండూ చూసినవాళ్లకి దేని దారి దానిదే అనిపిస్తుంది.

గోదారిగట్టు, డ్రెస్డెన్

ఎమ్మాస్ చూడలేదు తమ్ముడూ, ఈసారి వెళ్తే చూస్తాం.

వంతెన గురించి రాయడం మర్చిపోకూడదు. సూర్యుడు పైకి రాకముందే వెళ్లాం. పునాది 1357లో నాలుగో చార్లెస్ రాజు వేయించాడట. అంతకుముందున్న రాతి వంతెన 1342 వరదకి కొట్టుకుపోయింది. అర కిలోమీటరు పొడవు, రెండు వైపులా 30 విగ్రహాలు. ఇప్పుడున్న వాటిలో చాలావరకు నకళ్లు, అసలువి ఎండకీ వానకీ పాడవకుండా వేరే చోట భద్రపరిచారు. నెపొముక్ యాన్ అనే మతగురువు విగ్రహం కింద ఇత్తడి రంగులో మెరిసే చోట అందరూ చెయ్యి పెడుతున్నారు. ఆయన్ని 1393లో అప్పటి రాజు నదిలో పడేయించాడు. అమ్మ కూడా చెయ్యి పెట్టి దణ్ణం పెట్టుకుంది.

బండ్లు తిరగని వంతెన మీద నడుస్తుంటే నాన్నకి మన హేవ్‌లాక్ వంతెన గుర్తొచ్చింది. 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయాయి. అప్పట్నుంచి గోదావరి మీద అలా నిలబడే ఉంది. ఇలా మనుషులు నడిచేందుకు ఇస్తే రాజమండ్రి వాళ్లు రోజూ సాయంత్రం వస్తారు కదా అన్నారు. నాకూ అదే కోరిక. వంతెనని వాడుకుంటేనే దాన్ని చూసుకునేవాళ్లుంటారు. విడిచిపెట్టేస్తే తుప్పే.

కొత్తగా_వచ్చా, కెమ్నిట్జ్

అక్కా, చదివి ఆనందమేసింది. నేను డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో వెళ్దామనుకుంటున్నాను. చలికాలం బాగుంటుందా?

ప్రాగ్‌లో_నెల్లూరు

బాగుంటుంది తమ్ముడూ, కానీ నాలుగింటికే చీకటి పడిపోతుంది, బయట చూసేవన్నీ పొద్దున పెట్టుకో. క్రిస్మస్ బజారు పాత చౌరస్తాలోనే పెడతారు, గడియారం ముందు ఇసకేస్తే రాలనంత జనం, జేబులు జాగ్రత్త. జనం వద్దనుకుంటే జనవరిలో రా. మంచు పడితే వంతెన మీద రాళ్లు జారతాయి, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకో. యోసెఫొవ్‌కి మాత్రం శనివారం రాకు.